సంపాదకుల గ్రూపు

మహారాష్ట్రల ఉన్న మా సిరొంచ తాలూకాల పిల్లలు ఇంట్ల తెలుగు మాట్లాడుతరు, బడిల మరాఠీ చదువుతరు. ఒకటో తరగతిల కూసున్న పిల్లకు గురూజీ చెప్పేది సగం అర్థం కాదు. సిరొంచ దగ్గరి ఊర్ల పంతులుగ చేసినన్ని రోజులు ఈ తిప్పలు చూసిన. అందుకే తెలుగు మాట, దాని పక్కన మరాఠీ మాట, గిట్ల నోటుబుక్కులల్ల రాసుకుంట వచ్చిన. పదిహేడేండ్లల్ల పదకొండు బుక్కులు నిండినయ్.

రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేండ్లయినంక, పంతుళ్లం కొందరం కలిసి ఆ మాటలను ఒక వెబ్‌సైటుల పెడ్దామనుకున్నం. సైటు తయారు చేసింది నా దగ్గర నాలుగో తరగతి దాక చదువుకున్న అమ్మాయే. అప్పటికే ఆమెకు పెండ్లయి, ఇద్దరు పిల్లలు. బస్టాండు ఎనుక కంప్యూటర్ క్లాసు నడుపుతుండె. మొదటి రోజు నన్ను కుర్చీల కూసోబెట్టి వివరంగ చెప్పింది.

"గురూజీ, మూడు గ్రూపులు పెట్టిన. చదివేటోళ్లు ఉత్తగ చదువుతరు. రాసేటోళ్లు రాస్తరు, కని రాసింది ఎంబడే పైకి కనబడది. సంపాదకులు చూసి ఒప్పుకుంటెనే అందరికి కనబడతది."

"మరి నేను ఏ గ్రూపుల ఉన్న బిడ్డా?"

"రాసేటోళ్లల్ల."

సంపాదకుల గ్రూపుల ఒక్కటే పేరుండె. అహేరి దిక్కు ఉన్న జిమల్‌గట్ట ఊరి పంతులు. నాకన్న పన్నెండేండ్లు చిన్న. అడవి ఊర్లల్ల చేసిండు కాబట్టి గోండి వచ్చు, మరాఠీల పెద్ద చదువు చదివిండు. మీటింగుల ఆయన పేరు చెప్పినప్పుడు నేను గూడ తలకాయ ఊపిన. నా పేరు ఎవరన్న అంటరేమోనని జర సేపు ఆగి చూసి మరీ ఊపిన.

అప్పటి సంది శనివారం ఒంటిపూట బడి కాంగనే సిరొంచకు పోయి మాటలు ఎక్కించేది. కరెంటుండి, లైను కలిస్తె గంటకు నలభై మాటలు. అవి "పరిశీలనలో ఉన్నవి" అని పసుపు రంగుల నిలబడేటివి. మళ్ల శనివారం పోంగనే మొదలు ఆ పసుపు ఎన్ని ఆకుపచ్చ అయినయో చూసుకునేది. నా మాటలకు ఆయన పచ్చజెండా ఊపాలె. ఆ సంగతి తిన్న అన్నంల రాయి లెక్క తగిలేది. అంకిస ఊర్ల చుట్టాలింటికి పోతె అక్కడ గూడ ఆయన ముచ్చటే. "ఆ సార్ సైటు మస్తుగున్నది" అన్నడు మా బావ. ఆ సార్ సైటట. ఛాయ్ సగంల ఇడిసిపెట్టి లేచిన.

ఒక శనివారం రెండు మాటలు వాపస్ వచ్చి ఉండె. నేను వరి పండే పొలానికి మరాఠీల "శేత్" అని రాసిన, వాన మీద పండే చెల్కకు గూడ "శేత్" అనే రాసిన. కింద ఆయన రాసిండు: "సార్, రెండిటికి ఒకటే మాట పెడితె పిల్లలకు తేడా తెల్వది. చెల్కకు కోరడవాహూ శేత్ అని పెడ్దామా?"

మా తాత, మా నాయిన ప్రాణహిత ఒడ్డుకు వరి పండించినోళ్లు. నాకు పొలానికి, చెల్కకు తేడా చెప్పేది అడవిల నుంచి వచ్చినాయనా అనుకున్న. చెవులు వేడెక్కినయ్. ఆయన చెప్పింది సరైన మాటే. అది ఎరికయ్యే ఇంక ఎక్కువ మండింది.

అప్పుడే ఆ అమ్మాయి అన్నం తినొస్తనని ఎనుక ఇంట్లకు పోయింది. ఆమె కంప్యూటరు తెరిచే ఉండె. మనుషుల పేర్లు, వాళ్ల గ్రూపులు ముందటనే కనబడుతున్నయ్. నేను లేచి పోయి, ఆయన పేరు మీద నొక్కి, సంపాదకులల్ల నుంచి తీసి చదివేటోళ్లల్ల పెట్టిన. నిమిషం గూడ పట్టలే. నా జాగల నేను కూసొని మళ్ల మాటలు కొట్టుడు మొదలువెట్టిన. పానం నిమ్మలంగ అనిపించింది, ఉన్నదున్నట్టు చెప్తున్న.

రెండు వారాలకు ఆయన బస్సెక్కి సిరొంచ వచ్చిండు. నేను అక్కడనే ఉన్న. "సార్, మంచిదేనా" అని నన్ను పలకరించి, ఆ అమ్మాయి దిక్కు తిరిగిండు.

"అమ్మా, నాకు మాటలు ఒప్పుకునే బటన్ కనబడ్తలేదు. అహేరిల రెండుసార్లు చూసిన. నేనే ఏదో తప్పు నొక్కినట్టున్న."

ఆమె కంప్యూటర్ల ఏదో తెరిచి చదివింది. ఎవరి గ్రూపు ఎప్పుడు మారింది, ఎవరి లాగిన్ నుంచి మారింది, అన్ని అండ్ల రాసి ఉంటయని నాకు అప్పటిదాక తెల్వది. ఆమె లాగిన్ నుంచే, ఆమె అన్నానికి పోయిన ఆ శనివారం టైముల మారినట్టుండె. ఆమె తల తిప్పి నన్ను ఒక్కసారి చూసింది. మళ్ల తెర దిక్కు చూసింది.

"మీ తప్పు కాదు సార్. నా చెయ్యి తప్పింది. ఇప్పుడే సరి చేస్త."

ఆయన నవ్వి, "పోనీ తియ్యమ్మా" అన్నడు. ఆయన బయటికి పోయినంక ఆమె నన్ను ఏం అడుగుతదో అని కూసున్న. ఆయన పేరు మళ్ల సంపాదకులల్ల పెట్టింది. పెట్టినంక మెల్లగ అన్నది: "గురూజీ, సంపాదకుడంటె పెద్ద మనిషని కాదు. అది పని. మీకు కావాలంటె నన్ను అడిగితె అయిపోతుండె."

నేను చదువు చెప్పిన పిల్ల నా కోసం అబద్ధమాడింది. అది ఓర్చుకోలేకపోయిన. బస్టాండుకు పోయిన. ఆయన అహేరి బస్సు కోసం బెంచి మీద కూసొని పల్లీలు తింటుండె. కొన్ని నాకు ఇచ్చిండు. చేతిల పట్టుకొని చెప్పిన.

"మీ పేరు తీసింది ఆ పిల్ల కాదు. నేను."

ఆయన నమలుడు ఆపిండు. "ఎందుకు సార్?"

"ఓర్వలేక."

అంతట్ల బస్సు వచ్చింది. లేచి సంచి భుజానికి ఏసుకున్నడు. "ఆ పిల్లకు మాట రాకుండ చూడుండ్రి" అని ఎక్కి పోయిండు.

మాఫ్ చేసిన అని ఆయన ఎన్నడు అనలే. మునుపటి లెక్కనే నా మాటలు చూసేది, తప్పుంటె వాపస్ పంపేది. కని "పెడ్దామా?" అని అడుగుడు బంద్ చేసిండు. "సరిచేయండి" అని రాసేటోడు. నేను సరిచేసేది.

ఏడాదిన్నరకు ఆయనకు బదిలీ అయింది. సంపాదకుడు మీరే ఉండుండ్రి గురూజీ అని ఆ అమ్మాయి అన్నది. ఉంట అన్న. ఆ రోజు నా గ్రూపు మారినట్టు తెర మీద చూసుకొని సంబురపడ్డ. ఆరు నెలలయినంక ఆయన ఒప్పుకున్న మాటలు, నేను ఒప్పుకున్న మాటలు ఎన్నెన్నో చూస్తె, ఆయనవే మూడంతలు ఎక్కువుండె. అప్పుడు గూడ ఆ ఓర్వలేనితనం లేచింది. యాభై దాటిన మనిషిని, అది పోతదనుకున్న, పోలే. జర సేపు కండ్లు మూసుకొని, పసుపు రంగుల ఉన్న మొదటి మాట తెరిచిన.