మరిచిన చుక్క

తడిసిన గోనెపట్టల వాసన వస్తే నా కాలు ఒకచోట నిలవదు. ఈ ఉదయం నంద్యాలలో మా సైట్‌లో కొత్త స్తంభాలకు చుట్టిన గోనెల మీద నీళ్లు కొడుతుంటే అదే వాసన. ఆ స్తంభాల చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. పని బాగానే ఉంది. అయినా ఎక్కడో తప్పు చేశానేమో అని వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు ఓబులేసన్న దగ్గర మొదలైంది.

ఆయన ఆళ్లగడ్డలో చిన్న కాంట్రాక్టర్. కాలువలు, ప్రహరీలు కట్టేవాడు. డిప్లొమా చదివి ఖాళీగా ఉన్న నన్ను టెండర్లు కంప్యూటర్‌లో ఎక్కించడానికి పెట్టుకున్నాడు. ఒక్క పెద్ద పని చేస్తే పై తరగతి రిజిస్ట్రేషన్ వస్తుందని ఆయన ఆశ. అప్పుడే కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెలో బడి కట్టే పని పడింది. ప్రభుత్వ అంచనా కన్నా ఎంత శాతం తక్కువకు చేస్తామో చెప్పడాన్ని మావాళ్లు 'లెస్' వేయడం అంటారు. అన్న రెండున్నర లెస్ వేయమన్నాడు. నేను రెండుకీ ఐదుకీ మధ్య చుక్క మరిచాను. ఇరవై ఐదు లెస్ పడింది.

టెండర్లు తెరిచిన రోజు మా పేరు అందరికన్నా పైన ఉంది, పక్కన ఇరవై ఐదు. "సర్వర్ తప్పన్నా" అని అబద్ధం చెప్పాను. ఆయన టీ తాగాడు. సాయంత్రం దాకా కాలుగాలిన పిల్లిలా తిరిగి, బస్సెక్కబోయి మళ్లీ వెనక్కొచ్చి, "చుక్క నేనే మర్చిపోయినా" అన్నాను.

"నాకు తెల్సులే. పో, బస్సు పోతాది," అన్నాడు.

పని వదులుకుంటే డిపాజిట్ పోవడమే కాదు, కొంతకాలం ఇంకే టెండరూ వేయనివ్వరు. చేస్తే నష్టం. ఆయన చేస్తానని సంతకం పెట్టాడు. టీ బంకు దగ్గర తోటి కాంట్రాక్టర్లు ఒకటే నవ్వు. "ఓబులేసు చుక్కేసుకోని చుక్క మరిచినాడప్పా," అన్నాడొకడు. ఆయన జన్మలో మందు ముట్టిన మనిషి కాదు. "ఔనప్పా, ఆ పొద్దు రొంత ఎక్కువైంది," అని తనూ నవ్వేశాడు. పక్కనే ఉండి కూడా నేను నోరు విప్పలేదు.

మర్నాటి నుంచి నన్ను సైట్‌కు రమ్మన్నాడు. శిక్ష అనుకున్నాను. అక్కడంతా నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పునాది బాగా లోతుకు పోవాలి.

"రెండడుగులు తగ్గిస్తే రొంత గిట్టుబాటైతాదన్నా. మట్టి కప్పినాక ఎవురు సూస్తారు?" అన్నాడు మేస్త్రీ.

"నల్లరేగడి సూస్తాది," అన్నాడు అన్న. టేపు నా చేతికిచ్చాడు. "పాపా, నువ్వు దిగి కొలువు. నువ్వు చాలంటేనే కాంక్రీట్."

అంత తప్పు చేసినదాన్ని ఏం చూసి నమ్మాడో తెలియదు. ప్రతి గుంతలోకీ దిగాను, రెండేసిసార్లు కొలిచాను.

తడి గోనెలు చుట్టుకుని స్తంభాలు, వాటి మీద బడి లేచింది. గోడల్లో ఇప్పటికీ ఒక్క నెర్రె లేదు. అన్న మాత్రం నష్టం పూడ్చడానికి కాంక్రీట్ మిక్సర్ అమ్ముకున్నాడు. పై తరగతికి కావలసిన ఆస్తి చూపలేక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కొన్నేళ్లకు నేను సొంతంగా రిజిస్ట్రేషన్‌కు పెట్టుకున్నప్పుడు అనుభవ పత్రం ఆయన చెబుతుంటే నేనే టైపు చేశాను. నేను ఏ పనులు చూసిందీ అన్నీ అయ్యాక, "తప్పు చేస్తే దాచుకోదు. అది గూడా కొట్టు," అన్నాడు.

నా వేళ్లు ఆగిపోయాయి. "బంకు కాడ దాచుకుంటి కదన్నా."

"నా కాడ చెప్తివి కదా. కొట్టు పాపా."

కొట్టాను. సంతకం పెట్టాడు. అన్న పోయి మూడేళ్లయింది. ఆయన అందుకోలేని తరగతికి నా సంస్థ చేరింది. బంకు దగ్గర నవ్వినవాళ్లు ఆ చుక్క కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. విన్న ప్రతిసారీ ఏదో పని ఉన్నట్టు లేచి వచ్చేస్తాను. ఇక నా వల్ల కాదు. ఆ రోజు ఓబులేసన్న తాగలేదు. చుక్క మరిచింది నేను.