తీజానీ అన్న మాట

కైరవాన్ అనే అరబ్బుల ఊళ్లో గొర్రెల దాణా అమ్మే తీజానీకి ఫేస్‌బుక్కులో నోరు పెద్దది. కుక్కకాటు సూదులు సర్కారు మోసమనీ, పుండుకు నూనె రాస్తే చాలనీ రాసేవాడు. కాదన్న డాక్టర్లని "అమ్ముడుపోయినోళ్లు" అని ఉతికి ఆరేసేవాడు. ఊరు ఊరంతా భలే భలే అనేది.

ఆ మాట నమ్మి, అదే ఊళ్లో ఉండే హమ్మాదీ కుక్క కరిచిన తన కొడుక్కి సూది వేయించలేదు. పిల్లాడు నీళ్లు చూస్తే వణికిపోతూ ప్రాణం విడిచాడు. మూడోనాడు ఆ ఇంట్లో సంతాపం భోజనానికి కూర్చున్న తీజానీ, మాంసం వేసి వండిన కుస్కుస్ రవ్వ ముద్దని తిరిగి పళ్లెంలో పెట్టేశాడు. హమ్మాదీ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మావాడికి దిష్టి తగిలిందన్నా. అదే కుక్క నా చిన్నదాన్నీ కరిచింది. సూది వేస్తానని నర్సమ్మ వచ్చి వాకిట్లో కూర్చుంది. నువ్వు ఊఁ అను, తరిమేస్తా."

నలుగురూ చూస్తున్నారు. తీజానీ సిగ్గు చంపుకున్నాడు.

"వేయించరా తమ్ముడూ, ఇప్పుడే వేయించు. నేను రాసిందంతా తప్పు. దాణా అమ్ముకునేవాణ్ణి, నాకేం తెలుసురా!"

హమ్మాదీ అతని మొహంలోకి తేరిపార చూశాడు.

"నిన్నెంతకి కొన్నారన్నా?"

తీజానీ ఒట్లు పెట్టాడు, కాళ్లు పట్టుకోబోయాడు. హమ్మాదీ వినలేదు. నర్సమ్మని పంపేసి, తలుపు గడియ పెట్టి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని మెత్తటి మాంసం ముక్క ఏరి నోట్లో పెట్టాడు.