మన్నించుగాక అనే మనిషి

మా వైపు పెద్దల శనివారంనాడు చేతిలో గోధుమల గిన్నె పెడితే ధన్యవాదాలు అనకూడదు. చక్కెర, అక్రోటు పొడి కలిపిన ఉడికించిన గోధుమలవి. పోయినవాళ్ళ పేరున పెడతారు. అందుకున్నవాళ్ళు “దేవుడు మన్నించుగాక” అని, పోయినవాళ్ళ పేరు పలికి, అక్కడే ఒక చెంచా తినాలి. అలా అంటేనే ఆ ముద్ద వాళ్ళకు చేరుతుంది. ధన్యవాదాలు అన్నారా, తిన్నవాడి కడుపులోనే ఆగిపోతుంది. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఇప్పుడు మా దగ్గర పసిపిల్లలే లేరు, అది వేరే ఏడుపు.

నేను రొట్టెల బండి నడుపుతాను. డాన్యూబ్ నది ఇవతలి కొండల్లో, బల్గేరియాకు ఈ మూలన ఉన్న ఊళ్ళన్నిటికీ నా బండే అంగడి. వెనకటికి బండి నిండా రొట్టెలు పట్టుకెళ్ళి ఖాళీగా వచ్చేదాన్ని. ఇప్పుడు క్రుషోవ్ డోల్ అనే ఊరికి నేను తీసుకెళ్ళేది ఒకే ఒక్క రొట్టె. అది గెర్గినా అత్తకి. ఒక్క రొట్టె కోసం ఆ గతుకుల దారిలో బండి ఎందుకు విరగ్గొట్టుకుంటావని మా ఆయన సణుగుతాడు. సణగనీ.

గెర్గినా అత్త ఆ ఊరి బడిలో వంటమనిషిగా చేసింది. ఊరి పిల్లలంతా ఆమె చేతి పులుసు తిని పెరిగినవాళ్ళే. ఆమెకు ఒక్కడే కొడుకు, ఒగ్న్యాన్. తొమ్మిదో ఏట మెదడుకు జ్వరం ఎక్కింది. మంచు పడి దారి మూసుకుపోయింది, డాక్టరు రాలేకపోయాడు. పిల్లవాడు తల్లి ఒళ్ళోనే పోయాడు. ఆ రోజు ఆమె పక్కన కూర్చున్నది పొరుగింటి స్తానికా. పిల్లవాడికి స్నానం చేయించి, బట్టలు తొడిగింది కూడా స్తానికాయే. తల్లి చేతులు ఆడలేదు మరి.

తర్వాత పట్నంలో ఫ్యాక్టరీలు వచ్చి కొందరిని లాక్కున్నాయి. ఫ్యాక్టరీలు మూతపడ్డాక మిగిలినవాళ్ళు ఇటలీకి, స్పెయిన్‌కి ముసలివాళ్ళను చూసుకునే పనులకు పోయారు. చూడండి విడ్డూరం, మా ముసలివాళ్ళను వదిలి వాళ్ళ ముసలివాళ్ళకు స్నానాలు చేయించడానికి! బడి మూసేశారు. గెర్గినా అత్త మొగుడు పోయాడు. చివరికి ఊళ్ళో ఇద్దరే మిగిలారు, ఆమే, స్తానికా. ప్రతి పెద్దల శనివారం ఆమె గిన్నె ఈమెకు, ఈమె గిన్నె ఆమెకు. తన కొడుకు పేరు తను కాకుండా ఇంకొకరి నోట వినడానికి గెర్గినా అత్తకు ఏడాదిలో దొరికేది ఆ కొద్ది రోజులే.

మొన్న వేసవి చివర స్తానికా మెట్ల మీద జారిపడింది. మేనకోడలు వచ్చి పట్నంలో వృద్ధాశ్రమంలో చేర్చింది. నవంబరులో పెద్దల శనివారం వచ్చింది. ఊళ్ళో గెర్గినా అత్త కాక మరో మనిషి అంటూ ఉంటే, కింది వీధిలో చవగ్గా ఇల్లు కొనుక్కుని కొత్తగా దిగిన ఇంగ్లీషాయన ఒక్కడే. పాపం మంచివాడే, రొట్టె కూడా తనే కాల్చుకుంటాడు. ఆమె కర్ర ఊనుకుంటూ దిగి వెళ్ళి గిన్నె చేతిలో పెట్టింది. ఆయన సంబరపడిపోయి, తనకు వచ్చిన ఒకే ఒక్క మా మాట అన్నాడు. ధన్యవాదాలు అన్నాడు. పైగా రెండుసార్లు.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. రొట్టె అందుకోలేదు. జరిగింది చెప్పి, పిల్లవాడు ఆకలితో ఉన్నాడంది. మిగిలిన గోధుమలు పెట్టమన్నాను. తిని, అనాల్సిన మాట అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

“అన్నావు సరే. అన్నప్పుడు నీ కళ్ళ ముందు ఎవరు కనిపించారే?”

మాది పక్క ఊరు. ఆ పిల్లవాడిని నేనెప్పుడూ చూడలేదు.

“వాణ్ణి చూసినవాళ్ళు అనాలి. నన్ను స్తానికా దగ్గరికి తీసుకుపో. నీకు పుణ్యముంటుంది,” అంది.

మళ్ళీ గోధుమలు నానబెట్టింది. శుక్రవారం రొట్టెలన్నీ పంచేశాక ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాను. గిన్నె చల్లారకుండా శాలువాలో చుట్టి దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుంది. స్తానికా ఏడుస్తుందేమో, తనూ ఏడిస్తే బాగుండదు, అదొక్కటే ఆమె దిగులు.

స్తానికా కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. శుభ్రంగా ఉంది, జుట్టు దువ్వారు. మమ్మల్ని చూసి నర్సులకు నవ్వినట్టు నవ్వింది. గిన్నె చేతిలో పెట్టగానే మాత్రం ఆ చేతులు సరిగ్గా పట్టుకున్నాయి. ఒక చెంచా తింది.

“మెత్తగా ఉడికాయి. ఎవరి పేరున?” అంది.

“ఒగ్న్యాన్ పేరున,” అంది గెర్గినా అత్త.

“ఏ ఒగ్న్యాన్?”

“గెర్గినా కొడుకు, స్తానికా. మా ఒగ్న్యాన్.”

స్తానికా మొహం వెలిగింది. “గెర్గినానా! మా పక్కింటిది! అయ్యో, అది పోయిందా? నాకెవరూ చెప్పలేదే. ఎప్పుడు పోయింది?”

నేను నోరు తెరవబోతే గెర్గినా అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఈ మధ్యనే,” అంది.

“దేవుడు గెర్గినాను మన్నించుగాక,” అని స్తానికా శిలువ గుర్తు వేసుకుంది. ఇంకో చెంచా తింది. ఆమె కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

“మరి పిల్లవాడికో?” అని అడిగింది గెర్గినా అత్త. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, ముష్టి ఎత్తుతున్నట్టుంది.

“ఏ పిల్లవాడు? దానికి పిల్లల్లేరమ్మా. బడి పిల్లలే, పాపం.”

గెర్గినా అత్త చెంచా తీసుకుని, గిన్నెలో మిగిలినదంతా నెమ్మదిగా స్తానికాకి తినిపించింది. మూతి తుడిచింది. నేను అక్కడ నిలబడలేక వరండాలోకి వచ్చి గోడకేసి మొహం పెట్టుకుని ఏడ్చాను. ఎవరిని తిట్టాలో తెలియక రోడ్లను, మంచును, దేవుణ్ణి, అందరినీ తిట్టాను.

తిరుగుదారిలో క్రుషోవ్ డోల్ మలుపు దగ్గర ఆమె అడిగింది.

“నీకెన్నేళ్ళే, ఇస్క్రా?”

“అరవై మూడు, అత్తా.”

“చిన్నదానివేలే,” అంది ఊరట పడ్డట్టు. “బండి కాస్త పక్కకి ఆపు. ఇంజను చప్పుడులో వినిపించదు. వాడి జుట్టు నల్లనిది కాదు, గోధుమ రంగు. ఎడమ చెవి కొస కొంచెం మడత పడి ఉండేది. వింటున్నావా?”

వింటున్నానన్నాను.