ముట్టుకోనివ్వని బానలు

మేము బి.ఎస్సీ. చదివిన నెల్లూరు కాలేజీలో, కెమిస్ట్రీ ల్యాబు గుమ్మం పక్కన రెండు మట్టి బానలుండేవి. రోజూ క్లాసులు మొదలయ్యేలోపే అటెండరు బావి నుంచి నీళ్లు మోసుకొచ్చి వాటిని అంచుదాకా నింపేవాడు. పైన చెక్క మూత పెట్టి, దాని మీద ఇత్తడి చెంబు బోర్లించేవాడు. అరవైల మొదట్లో వేసవి వచ్చిందంటే కుళాయిలు పది గంటలకే ఆగిపోయేవి. అప్పుడు కూడా ఆ బానల్లో నీళ్లు మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆయనది సూళ్లూరుపేట అవతల, పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. యాభై దాటిన మనిషి. అందరం అన్నా అనేవాళ్లం. ఎవరైనా వేడి చేస్తున్న గాజుగొట్టం మూతి ఎదుటివాడి వైపు పెడితే, మాట్లాడకుండా వచ్చి మోచేయి పట్టుకుని గోడవైపు తిప్పి వెళ్లిపోయేవాడు. నేను పద్ధతి అంటే ఇష్టపడేవాణ్ణే. అయినా ఆ బానల విషయంలో మాత్రం ఆయనది ఉత్త మొండితనం అనుకునేవాణ్ణి.

ఒకరోజు చేతులకు మరకలైతే అడిగాను.

“అన్నా, ఒక్క చెంబు పోయవా?”

“బావికి పో.”

“ఈ ఎండలో అంత దూరమా?”

“ఆ నీళ్లు మీకోసరమే పెట్టినా అబ్బయా. అందుకే మీరు ముట్టొద్దు.”

“లోపల రొయ్యల్ని పెంచతా ఉండాడ్రా!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. గది గొల్లుమంది. ఆయనా నవ్వాడు. “అవి పెద్దయినాక నీకే పులుసు పెడతాలే, పో.”

నా పక్క బల్ల దగ్గర కోవూరు రైతుల అబ్బాయి ఉండేవాడు. నాకు బాగా దగ్గరి స్నేహితుడు. ఆ ఏడాది రైల్వేలో గార్డు ఉద్యోగానికి రాతపరీక్ష నెగ్గాడు. ఇంకో ఆరు వారాల్లో మద్రాసులో కంటిపరీక్ష. అద్దాలు లేకుండా రెండు కళ్లూ సరిగ్గా కనిపించాలి. ఇంట్లో అతనే పెద్దవాడు. ఆ ఉద్యోగం మీదే అందరూ ఆశ పెట్టుకున్నారు. సాయంత్రాలు నాతో నడుస్తూ, దూరంగా ఉన్న అంగళ్ల బోర్డులు చదివి కళ్లు పరీక్షించుకునేవాడు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను పలచన చేయాల్సి వచ్చింది. “నీళ్లల్లో యాసిడ్ పోయండి, సన్నంగా. యాసిడ్‌లో నీళ్లు మాత్రం పోయబాకండి” అని అటెండరు అప్పుడే హెచ్చరించి వెళ్లాడు. స్నేహితుడు తల ఊపాడు కూడా. కానీ ఇంట్లో మజ్జిగ పలచన చేయాలంటే పెరుగులోనే కదా నీళ్లు పోస్తాం! మనసు మద్రాసులో ఉన్నట్టుంది, చెయ్యి అలవాటు ప్రకారం పోయింది. గ్లాసుడు నీళ్లు తీసుకుని నేరుగా యాసిడ్‌లో ఒంపేశాడు. చుయ్యిమని పొంగి పైకి చిమ్మింది. అతను కుడి కన్ను మూసుకుని కేక పెట్టాడు.

నేను అలమర దగ్గరికి పరుగెత్తి కాస్టిక్ సోడా సీసా అందుకున్నాను. ఆమ్లాన్ని క్షారం విరిచేస్తుందని వారం క్రితమే పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. బిరడా తీసేలోపే అటెండరు నా మణికట్టు పట్టుకున్నాడు.

“కంట్లో పోస్తావా దీన్ని? అదీ కాలుస్తాది గదా! ఆడ పెట్టు. గడియారం చూసి నిమిషాలు చెప్తా ఉండు.”

స్నేహితుణ్ణి గుమ్మం దగ్గర పడుకోబెట్టాడు. ఎడమ కంట్లోకి నీళ్లు పారకుండా, దెబ్బ తిన్న కన్ను కిందికి వచ్చేలా తల ఒరిగించాడు. రెండు వేళ్లతో రెప్పలు విడదీసి పట్టుకుని, చెంబుతో సన్నగా ధార పోయసాగాడు.

“అయిదు నిమిషాలన్నా” అన్నాను.

“చాలన్నా, మంట తగ్గింది!” అని స్నేహితుడు గింజుకున్నాడు.

“తగ్గినట్టే ఉంటాది. గమ్మునుండు.”

ఇంతలో మా డిమాన్‌స్ట్రేటరు వచ్చాడు. చదువు ముగించుకుని కొత్తగా చేరిన కుర్ర మేష్టారు. “ఇంకా ఇక్కడేనా? రిక్షా వచ్చింది, లేపండి!”

“రిక్షాని నిలపండి సార్. బాన కాళీ కానీండి.”

“నువ్వేమన్నా డాక్టరువా?”

“కాదు సార్. డాక్టరు కాడికి పోయేదాకా కన్ను ఉండాల గదా?”

మేష్టారు చొక్కా చేతులు మడిచి, రెండో బాన మూత తీసి, గాజు బీకరుతో తనే నీళ్లు అందించసాగాడు.

నేను ఇరవై అన్నాకే వాళ్లు ఆపారు. రిక్షాలో కూడా అటెండరు బకెట్టు ఒళ్లో పెట్టుకుని దారంతా పోస్తూనే వచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరు కన్ను పరీక్షించి, “నీళ్లు కాక వేరే ఏమన్నా పోశారా?” అని అడిగాడు. “లేదండీ” అని నేనే చెప్పాను. ఆ రాత్రి డైరీలో రెండు పేజీలు రాశాను. నేను తెచ్చిన సీసా సంగతి రాయడానికి మాత్రం మూడు రోజులు పట్టింది.

వారం తర్వాత కట్టు విప్పారు. మొదట్లో అంతా మసక. స్నేహితుడు రోజూ సాయంత్రం అదే అంగళ్ల వీధిలో నిలబడి ఎడమ కన్ను మూసుకునేవాడు. నేను పక్కన ఊరికే నిలబడేవాణ్ణి. ఒక్కో బోర్డూ తిరిగి వచ్చింది.

ఆ రోజుల్లోనే అటెండరును అడిగాను, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని.

“ఏటా జూలైలో పెద్దసారు మొదటి క్లాసులో చెప్పేదే గదా. మీరు ఒక తూరి ఇంటారు. నేను పదహైదు తూర్లు ఇన్నా.”

ఆ పాఠం నేనూ నోట్సులో రాసుకున్నాను, కింద గీత కూడా గీసుకున్నాను. ఆయన దాన్ని విని, రోజూ బావి నుంచి నీళ్లు మోశాడు. తర్వాత నాకు చదువు చెప్పిన పెద్దలు చాలామంది ఉన్నారు. పాఠాన్ని అంత గౌరవించిన మనిషిని మళ్లీ చూడలేదు.

మద్రాసు నుంచి వచ్చిన రోజు స్నేహితుడు ఇంటికి పోకుండా, మిఠాయి పొట్లంతో నేరుగా ల్యాబులోకి వచ్చాడు. పొట్లం విప్పబోతే అటెండరు ఉరిమాడు.

“ల్యాబులో తిండా? బయటికి నడువు! చేతులు కడుక్కోని రాండి, ఇద్దరూ.”

కడుక్కుని వచ్చాం. ఆయన మిఠాయి అందుకోలేదు. వరండా అంచున నిలబెట్టి, స్నేహితుడి గడ్డం పట్టుకుని కుడి కంటిని వెలుతురు వైపు తిప్పాడు. చాలాసేపు చూశాడు.

“ఎర్ర జెండాకీ పచ్చ జెండాకీ తేడా తెలస్తాదా నీకు?”

“తెలస్తాదన్నా. మద్రాసులో అదే అడిగినారు.”

“అయితే నేనూ నీ రైలు ఎక్కొచ్చులే” అని, అప్పుడు చెయ్యి చాపాడు.