కొన్న సీసా

మా పెద్దమ్మ జీవితంలో డబ్బు పెట్టి కొన్న శుభ్రం చేసే మందు ఒకే ఒక్కటి. అది మా అమ్మ ప్రాణం తీయబోయింది. ఆ రోజు గుర్తొస్తే నాకు ఇప్పటికీ పెద్దమ్మ మీద కోపం వస్తుంది.

పెద్దమ్మ ఇరవై రెండేళ్ళు ఒక లాడ్జిలో గదులు తుడిచింది. సబ్బు అడిగితే మొహం చిట్లించే యజమాని. దాంతో ఆవిడ వంటింటి సామానుతోనే పని కానివ్వడం నేర్చుకుంది. అద్దాలకు తడిపిన పాత పేపరు, మాడిన గిన్నెకు వంటసోడా వేసి మరిగించిన నీళ్ళు, నూనె మరకకు సుద్దపొడి, తుప్పుకు నిమ్మచెక్కా ఉప్పూ. పని మానేశాక వీధి వీధంతా ఆవిడ శిష్యులే. నిమ్మతొక్కలక్క అని పిలిచేవారు. ఆ పేరంటే లోలోపల మహా ఇష్టం, పైకి మాత్రం మూతి ముడుచుకునేది.

ఆవిడకో అలవాటుంది. ఎవరైనా మరక పడ్డ బట్ట తెస్తే, ముందు తన సీసాలో వెనిగర్ మూతలోకి పోసుకుని అందరి ముందూ గుటుక్కున తాగేది. "నా ఇంట్లో తుడిచేదేదైనా తాగొచ్చు. మీరు కొనుక్కొచ్చేవి తాగి చూపించండి చూద్దాం," అనేది. ఆ తర్వాతే మరక జోలికి వెళ్ళేది. చూసేవాళ్ళు పడీ పడీ నవ్వేవారు. మా అమ్మకు మాత్రం అక్క మాటంటే వేదవాక్కు.

అమ్మ మూడు వీధుల అవతల చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఆ మంగళవారం మధ్యాహ్నం నేను గిన్నె తిరిగి ఇద్దామని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ సింకు కింద చతికిలబడి సీసాలు అటూ ఇటూ జరుపుతోంది.

"ఇక్కడ నాలుగుండాలే. మీ అమ్మేమైనా తీసుకెళ్ళిందా?"

"ఆ, పొద్దున పనికెళ్తూ వచ్చి పట్టుకెళ్ళానని ఫోన్ చేసింది. నువ్వు పెరట్లో ఉన్నావట. తెల్ల చొక్కాలకు తుప్పు మరకలు పడ్డాయట. లంచ్‌లో అందరి ముందూ అచ్చం నీలాగే చేసి చూపిస్తానని ఒకటే సంబరం."

పెద్దమ్మ మిగిలిన మూడు సీసాల మూతలూ తీసి వాసన చూసింది. మూడోది చూసేసరికి ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వెళ్ళి ఆ సీసా తెచ్చెయ్."

"వెనిగర్ కోసం ఇప్పుడు పరిగెత్తాలా? సాయంత్రం తనే తెస్తుందిలే."

"చెప్తే వినవే. వెళ్ళు."

"ఎందుకో చెప్పు పెద్దమ్మా."

ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అయినా ఆవిడ గొంతు తగ్గించింది. "అది వెనిగర్ కాదు, యాసిడ్. ఈ సింకు తూము పూడుకుపోయింది. సోడా వేశా, వెనిగర్ పోశా, మూడుసార్లు. కదల్లేదు. హార్డ్‌వేర్ కొట్లో కొనుక్కొచ్చా. ఆ డబ్బా ఎవరైనా చూస్తే నవ్వుతారని ఖాళీ వెనిగర్ సీసాలో పోసిపెట్టా."

గబుక్కున గోడ వైపు చూశాను. గడియారం పన్నెండు యాభై చూపిస్తోంది. లంచ్ ఒంటిగంటకు. ఫ్యాక్టరీలో ఫోన్లన్నీ గేటు దగ్గరే పెట్టెలో వేసి తాళం వేస్తారు. తెలిసి కూడా అమ్మకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. ముందు మరక మీద పోస్తే బట్ట కాలిపోయి అమ్మకే తెలిసిపోతుంది, బతికిపోతాం. కానీ వరుస అది కాదు. ముందు తాగడం, తర్వాతే మరక. ఆ వరుస నేర్పింది పెద్దమ్మే. ఘాటు వాసన వచ్చినా వెనిగర్ అంటే ఘాటేగా అనుకుంటుంది మా పిచ్చి తల్లి. దారి పొడవునా పెద్దమ్మను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఏడ్చాను.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. "పుస్తకంలో పేరు రాసి వెళ్ళమ్మా." పెన్ను తీసుకుంటే అది రాయదు. ఇంకోటి వెతుకుతానని ఆయన తాపీగా సొరుగు లాగాడు. అప్పటికే లోపల బెల్లు కొట్టారు. ఆయన్ని పక్కకు నెట్టేసి లోపలికి దూరాను.

హాల్లో ముప్పై మంది దాకా ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకుని గుమిగూడి ఉన్నారు. వాళ్ళ మధ్య, గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర అమ్మ. ఎడమ చేతిలో సీసా, కుడి చేతిలో నిండుగా మూత. "మా అక్క చెప్పేదొకటే. తుడిచేదేదైనా తాగొచ్చు," అంటోంది. పెద్దమ్మలాగే చెయ్యి తిప్పుతోంది కూడా.

అమ్మా అని పిలవబోయాను. అప్పటికే మూత పెదాల దాకా వెళ్ళింది.

"అది కొన్నదే. నేను డబ్బు పెట్టి కొన్నా."

నా వెనక గుమ్మంలో పెద్దమ్మ, తలుపు పట్టుకుని రొప్పుతోంది. ఎంత దూరమైనా నడిచే మనిషి ఆటో ఎక్కి వచ్చింది, చిల్లర కూడా తీసుకోకుండా.

తాగకు అని అరిచి ఉంటే అమ్మ అదీ వేళాకోళమేననుకుని నవ్వుతూ తాగేసేది. కొన్నానన్న మాటకు మాత్రం చెయ్యి దించేసింది. "నువ్వా? కొన్నావా?" అంది తెల్లబోయి.

ఆ విసురుకు మూత ఒలికింది. బండ మీద పడ్డ చోటల్లా బుసబుస పొంగింది. అందరూ గభాలున వెనక్కి జరిగారు. అమ్మ బొటనవేలి మీద కూడా కొంత పడింది. పెద్దమ్మ సీసా లాక్కుని బల్ల మీద పెట్టి, అమ్మను కుళాయి దగ్గరికి ఈడ్చుకుపోయింది.

ఎంతసేపు కడిగిందో. వేలు ఎర్రగా కమిలింది, అంతే. ఆ చారిక ఇప్పటికీ ఉంది. ముప్పై మంది ముందు తన పరువు పోయిందన్న ధ్యాసే లేదు పెద్దమ్మకు. వేలు వదలకుండా నీళ్ళ కింద పట్టుకునే ఉంది.

అమ్మ అడిగింది. "కొన్నానని నాకైనా చెప్పొచ్చుగా అక్కా."

"నవ్వుతావని."

"నవ్వేదాన్నే. ఓ పూట నవ్వి ఊరుకునేదాన్ని."

"అయితే ఇప్పుడు నవ్వు," అంది పెద్దమ్మ.

అమ్మ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. తను అక్క భుజం మీద వాలిపోయింది. కుళాయి అలా పోతూనే ఉంది. కట్టేయాలని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు.