గాలి చెట్ల వైపు వీచే మూల

నిన్న పొద్దున విక్లో కొండల్లోని క్యాంపు స్థలం యజమాని ఫోన్ చేసి, ఎప్పటి మూలే ఈ ఏడూ మీకోసం ఉంచమంటారా అని అడిగాడు. ఆలోచించి చెబుతానని పెట్టేశాను గానీ, అప్పటినుంచి నేవన్‌లోని మా ఇంటి పక్కన టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ మా చక్రాల ఇల్లు, కారవాన్‌నే కిటికీలోంచి చూస్తున్నాను. మావారు పోయాక దాని తలుపు తీసినవాళ్లు లేరు. దాన్ని కారుకు తగిలించి లాగడం ఆయన నేర్పిన విద్యే, చేతనవును. ఒక్కదాన్నే వెళ్లాలా, లేక అమ్మేయాలా అన్నదే తేలడం లేదు.

నాలాగే ఆసుపత్రి ఉద్యోగాలకని ఈ ఐర్లండ్ దేశం వచ్చినవాళ్లకు తెలుసు, ఆ తొలిరోజుల్లో మనకు వానకన్నా పోపు వాసనంటేనే ఎక్కువ భయం. అద్దె ఇంట్లో ఇంగువ వేసిన రోజున కిటికీలన్నీ తీసి, కోట్లన్నీ పడకగదిలో పెట్టి తలుపు మూసేవాళ్లం. ఆ భయమే కారవాన్‌తో పాటు కొండలెక్కింది. మిగతావాళ్లు స్నానాల గదులు శుభ్రంగా ఉంటాయా, చెరువు దగ్గరేనా అని అడిగి క్యాంపు స్థలం ఎంచుకుంటే, మావారు మాత్రం ఎక్కడికి ఫోన్ చేసినా ముందు అక్కడ గాలి ఎటు వీస్తుందని అడిగేవారు. ఈ యజమాని, పాపం, గాలికి బండి ఎక్కడ పడిపోతుందోనని ఇంత జాగ్రత్తపడే మనిషిని చూడలేదని మెచ్చుకుని, అందరికీ దూరంగా, గాలి చెట్లలోకి పోయే చివరి మూల ఇచ్చాడు. అసలు సంగతి మా పోపు వాసనని చెబితే వద్దంటాడేమోనని మేమూ నోరు మెదపలేదు.

సామాను సర్దడం నా వంతు. ఇక్కడివాళ్లు ప్రెస్ అనే వంటింటి అల్మారాలోంచి చిన్న కుక్కర్, పోపుల డబ్బా దించి, ఆవకాయ సీసాను తువ్వాలులో చుట్టి, మలుపుల్లో దొర్లకుండా మావారి రబ్బరు బూటులో నిలబెట్టేదాన్ని. ఒక ఏడు దారిలో మూత ఊడిపోయింది. ఎంత కడిగినా వదలక ఆ వేసవంతా ఆయన ఎడమకాలు ఆవకాయ వాసన కొడుతుంటే, ఇక గాలి సంగతి అడిగి ఏం లాభమండీ అని నేను పడీపడీ నవ్వాను.

మా అమ్మాయికి మాత్రం ఆ మూలంటే పడేది కాదు. ఉయ్యాలలూ పిల్లలూ అంతా అవతలి వైపే. బుంగమూతి పెట్టుకుని, "వై ఆర్ వీ ఆల్వేస్ సో ఫార్ అవే, డాడీ?" అనేది ఐరిష్ యాసలో. "మనకిక్కడే హాయి కదమ్మా" అనేవారాయన. హాయిగానే ఉండేది, అబద్ధం కాదు. ముగ్గురం ఉన్నన్నాళ్లూ పక్కన మరొకరు లేని లోటు నాకు తెలియలేదు.

ఇప్పుడా పిల్ల ఆస్ట్రేలియాలో ఉంది. నిన్న సంగతి చెబితే, "గో ఆన్, మమ్మీ, యూ విల్ బీ గ్రాండ్" అంది, బాగానే ఉంటావు వెళ్లమని. అనడం తేలికే. ఆ మూలలో సాయంత్రం పూట ఒక్కదాన్నే కూర్చోవడం తలుచుకుంటేనే గుండెలో దిగులు గూడు కట్టుకుంటోంది. ఇవాళ ధైర్యం చేసి కారవాన్ తలుపు తీశాను. బూట్లు తలుపు పక్కనే ఉన్నాయి. ఎవరూ చూడటం లేదు కదా అని ఎడమ బూటు ఎత్తి వాసన చూశాను. రబ్బరు వాసన తప్ప ఏమీ లేదు. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను.

తరువాత లోపలికొచ్చి యజమానికి ఫోన్ చేశాను. మూల వద్దు, ఉయ్యాలల దగ్గర, నలుగురి మధ్య చోటు ఇవ్వండి అన్నాను. అక్కడ పిల్లల గోల, పైగా అందరి వంటల వాసనలూ అని అతను హెచ్చరించాడు. ఫరవాలేదన్నాను. కరివేపాకు ఇప్పుడు మా వీధి చివరి దుకాణంలోనే దొరుకుతోంది, పక్కింటి ఐరిష్ ఆవిడ పోపు వాసన తగిలితే చాలు, ఏం వండావంటూ గోడ మీదుగా అడుగుతుంది. ఆ రోజుల్లో మేమెందుకంత దాక్కున్నామో తలుచుకుని నవ్వుకోవడానికి మాత్రం మావారు లేరు. ఒక్కదానికోసం వండుకోవడం నాకింకా అలవాటు కాలేదు గానీ, అక్కడ మాత్రం పోపు పెడతాను, ఇంగువ కూడా వేస్తాను. గాలి ఎటు వీస్తుందని ఈసారి అడగలేదు.