వసపిట్ట పొదిగిన కోడిపిల్లలు

చిన్నప్పుడు నాకు వస కాస్త ఎక్కువ పోశారని మా ఇంట్లో వాళ్ల నమ్మకం. అందుకే అందరూ నన్ను వసపిట్ట అంటారు. నా నోట్లో నువ్వుగింజ నానదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉన్న రోజుల్లో, మాట్లాడుకోవాల్సిన ఇద్దర్నీ కలపకుండా ఇద్దరితోనూ నేనే మాట్లాడేవాణ్ణి. ఆ తర్వాత గ్రంథాలయంలో చేరాను. ఆ ఉద్యోగం ఎందుకు పోయిందో వేరే చెప్పక్కర్లేదు. చివరికి సోఫాలకు దూది కూరి గుడ్డ కుట్టే పని ఒక్కటే నన్ను భరించింది. సోఫాకి చెవులుండవు కదా.

ఆ కుట్టు చూసే మా చెల్లెలు నన్ను తన వర్క్‌షాపులో పెట్టుకుంది. జాలిపడి పెట్టుకుందని మా ఆవిడ అంటుంది కానీ నేను ఒప్పుకోను. చెల్లెలు ఇంజనీరు. ప్రాణుల్ని చూసి యంత్రాలు చేస్తుంది. పైపులు శుభ్రం చేయడానికి వానపాములాంటిదొకటి చేసింది. అది ఒక పైపులోకి వెళ్లి ఇంతవరకు బయటికి రాలేదు. ఆ తర్వాత ఉన్న ఆశంతా తల్లికోడి యంత్రం మీదే పెట్టుకుంది.

పెద్ద కోళ్లఫారాల్లో పిల్లలు పెట్టెల్లో పుడతాయి, తల్లి ఉండదు. చలేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కింద ఉన్నవి నలిగి చచ్చిపోతాయి. మా చెల్లెలి కోడి నడుస్తుంది, పిలుస్తుంది, రెక్కలు విప్పి పిల్లల్ని కిందికి తీసుకుంటుంది. పిల్లలు వాటంతటవే రెక్కల కింద చేరితే కొంటానని ఒక ఫారం యజమానురాలు మాటిచ్చింది. ఆవిడ వద్దంటే వర్క్‌షాపు మూసేయడమే.

నా వంతు రెక్కలు. రెండు పొరల గుడ్డ, మధ్యలో దూది, ఆ దూదిలో వేడెక్కే తీగ, పైన ఈకలు. కోడి అరుపు రికార్డు చేసి ఛాతీలో స్పీకరు బిగించడం చెల్లెలి పని. పరీక్ష కోసం తెచ్చిన గుడ్లను పొదిగే పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను నా బల్ల కింద ఉంచాం. ఆ మూల చల్లగాలి తగలదని సలహా ఇచ్చింది నేనే. తెలివి నా సొత్తు.

గుడ్లు పొదిగిన మూడు వారాలూ నేను రెక్కలు కుట్టాను. కుడుతూ మాట్లాడాను. కత్తెరతో మాట్లాడాను, కారే కుళాయి గురించి మా ఆవిడతో ఫోన్లో మాట్లాడాను, ఎవరూ లేకపోతే నాతో నేనే మాట్లాడుకున్నాను. నోరు మూయమన్నవాడు లేడు. జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ పనిచేయలేదు.

పిల్లలు బయటికొచ్చి ఆరాక, చెల్లెలు యంత్రాన్ని వాటి ముందు పెట్టి మీట నొక్కింది. అది కొక్కొక్కుమంది. పిల్లలు దాన్ని దారి తప్పి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూశాయి.

"ఎంత ముద్దుగా ఉన్నార్రా," అన్నాను నేను.

అన్నీ ఒక్కసారి ఇటు తిరిగి, పరుగెత్తుకుంటూ వచ్చి నా చెప్పులెక్కాయి.

చెల్లెలు కుర్చీలో కూలబడింది. "గుడ్డులో ఉండగానే పిల్లలు తల్లి గొంతు గుర్తుపెట్టుకుంటాయి అన్నయ్యా. బయటికొచ్చాక కోడి అరుపు వినిపిస్తే చాలనుకున్నాను. నా బుద్ధి తక్కువ."

"మరి వీటికి గుడ్డులో ఎవరి గొంతు వినిపించింది?"

"నువ్వు తప్ప ఎవరున్నారు అక్కడ?"

మా ఆవిడకు ఫోన్లో చెప్పాను. "మన పిల్లలు ఎంత పిలిచినా పలకరు. అవైనా పలికాయి, సంతోషించండి," అంది.

సంతోషించే పరిస్థితి లేదు. యజమానురాలు రావడానికి వారం కూడా లేదు, కొత్త గుడ్లు పొదగడానికి వ్యవధి లేదు. నా గొంతు వినపడకపోతే కోడి దగ్గరికి పోతాయేమోనని, నేను మౌనవ్రతం పట్టి తలుపు దగ్గర నిలబడ్డాను. ఒక్క తుమ్ము తుమ్మితే సగం మంద వచ్చింది. నా పాదాల చుట్టూ చేరి చలికి వణికాయి. వాటిలో బక్కది కదలడం మానేస్తే చెల్లెలు తీసుకెళ్లి దీపం కింద పెట్టింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. చాలామంది పనులు చెడగొట్టినవాణ్ణే. చెల్లెలి పని చెడగొట్టడం మాత్రం నా వల్ల కాదు. అంత కష్టపడే మనిషిని నేను చూడలేదు. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. ప్రపంచంలో నేను అనకుండా మిగిల్చిన మాట అదొక్కటే.

"కోడికి నీ గొంతే పెడదాం," అంది చెల్లెలు మర్నాడు. రికార్డరు ముందు కూర్చోబెట్టి, ఏదో ఒకటి మాట్లాడమంది. పుట్టాక నన్ను అలా అడిగినవాళ్లు లేరు. ఆమె చాలన్నాక కూడా కుళాయి కథ ముగించి లేచాను.

యజమానురాలు వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. యంత్రం నా గొంతుతో గొణుగుతూ నడిచింది.

"కోడి ప్లంబర్ని తిడుతోందేంటమ్మా?" అంది ఆవిడ.

చెల్లెలు సంగతంతా చెప్పింది. ఈలోగా పిల్లలు ఒక్కొక్కటే వెళ్లి రెక్కల కింద దూరాయి. నోరు విప్పొద్దని చెల్లెలు నాకు కళ్లతోనే చెప్పింది. నేను పెదాలు పళ్ల కింద పట్టుకుని నిలబడ్డాను.

యజమానురాలు నా వైపు తిరిగింది. "ఆ గొంతు మీదేనన్నమాట. ఒకసారి పిలవండి, చూద్దాం. రేపు మా ఫారంలో పనివాళ్లు మాట్లాడినప్పుడల్లా పిల్లలు బయటికొచ్చేస్తే నాకెందుకిది?"

చెల్లెలు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. దొంగ పిలుపు పిలవొచ్చు, గొంతు మార్చొచ్చు. కానీ ఆవిడ నా మొహమే చూస్తోంది. పైగా, సిగ్గు విడిచి చెబుతున్నాను, అవి వస్తాయా రావా చూడాలని నాకూ ఉంది.

"రండ్రా," అన్నాను, ఎప్పుడూ అనేట్టే.

ఈకల్లోంచి తలలు బయటికొచ్చాయి. రెండు పిల్లలు సగం దూరం నడిచొచ్చి ఆగాయి. నన్ను చూశాయి. వెనక కోడిని చూశాయి. తిరిగి వెళ్లి రెక్క కింద దూరాయి. మళ్లీ పిలిచాను. ఈసారి తల కూడా ఎత్తలేదు.

చెల్లెలు గట్టిగా ఊపిరి వదిలింది. నాకు సంతోషమేసింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తాయని అప్పటిదాకా నాకు తెలియదు.

యజమానురాలు వంగి రెక్క కింద చెయ్యి పెట్టి చూసింది. "గొంతు ఒకటేనండీ," అంది నవ్వుతూ. "దీని దగ్గర వెచ్చదనం కూడా ఉంది. మీ దగ్గర మాటలే ఉన్నాయి."

అలాంటి మాట ఎవరైనా అంటే నా దగ్గర పది జవాబులుంటాయి. నోరు తెరిచాను. ఏదీ రాలేదు.

చెల్లెలు కోడిని వదిలేసి నా దగ్గరికొచ్చింది. నుదుటి మీద చెయ్యి పెట్టి, "అన్నయ్యా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.